గంటకు మూడు వందలు చీల్చే యంత్రం మన డెల్టాకు ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

గోదావరి జిల్లాల్లో పంది మాంసం ప్లాంటు పెడదామని ముందుకొస్తున్న వాళ్లను చూస్తే మాకు సంతోషంగానే ఉంది. 2020లో కేంద్రం 15,000 కోట్ల రూపాయలతో మొదలుపెట్టిన పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి మాంసం ప్రాసెసింగ్‌కూ వర్తించేలా, అప్పు మీద వడ్డీలో 3 శాతం రాయితీ ఇచ్చేలా వచ్చింది. తవుడు, నూకలు చవగ్గా దొరికే మన నేలలో సీమపంది పెంపకానికి అవకాశం ఉంది. మా ఆందోళన యంత్రాల జాబితా గురించి. పందిని నిలువునా రెండు చెక్కలుగా చీల్చే ఆటోమేటిక్ స్ప్లిట్టర్ లేకపోతే ఆధునిక ప్లాంటు కానే కాదన్నట్టు ప్రాజెక్టు రిపోర్టుల్లో రాస్తున్నారు. మాంసం యంత్రాల మరమ్మతు, కబేళా పరిశుభ్రత పనుల్లో ఉన్న మేము కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఆ యంత్రం మన ప్లాంట్లకు ఇప్పట్లో అక్కర్లేదు. మనిషి చేత్తో నడిపే బ్యాండ్ రంపం (పట్టీలాంటి బ్లేడు చుట్టూ తిరిగే కరెంటు రంపం) ఒకటి, దానికి తోడు కళేబరాలు వేలాడదీసే సరైన పట్టాలు, వేడినీళ్లు, నికరమైన కరెంటు, శీతలగది ఉంటే పని శుభ్రంగా జరుగుతుంది. ఎందుకో వివరంగా చెబుతాం.

అసలు చీల్చేది దేనికో ముందు చూద్దాం. పొట్టలోవన్నీ తీసేశాక, వెనక కాళ్ల మీద వేలాడుతున్న కళేబరాన్ని తోక మొదలు నుంచి మెడ దాకా వెన్నెముక నడిమధ్యగా కోస్తారు. దీనివల్ల మొదట ఒరిగేది చల్లదనం. చంపిన గంటకు కూడా తొడ లోపల వేడి 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. పైన చర్మం, దాని కింద కొవ్వు ఆ వేడిని తొందరగా బయటికి పోనివ్వవు. తొడ ఎముక పక్కన 24 గంటల్లోగా 7 డిగ్రీల కిందికి రావాలంటే డొక్క లోపలి గోడకూ వెన్ను కోతకూ చల్లగాలి నేరుగా తగలాలి. రెండోది పరీక్ష. ఒకదాని తోక ఒకటి కొరుక్కునే పందుల్లో చీము వెన్నుపూసల్లోకి చేరుతుంది, పైకి ఏమీ తెలియదు, చీలిస్తేనే బయటపడుతుంది. నడుము లోపలి కండలో బద్దెపురుగు తిత్తులు ఉన్నాయో లేదో పశువైద్యుడు వెలుతురులో చూడగలిగేది కూడా అప్పుడే. మూడోది ముక్క తీరు. వెన్నెముక సరిగ్గా సగానికి తెగితే రెండు వైపులా ఒకే రకం చాప్స్, అంటే ఎముకతో కోసిన వెన్ను ముక్కలు, వస్తాయి. ఒక పక్కకు జరిగితే ఒక చెక్కకు ఎముకంతా పోతుంది, రెండో చెక్కలో ఖరీదైన వెన్నుకండ గాటు పడి చెడుతుంది.

ఆటోమేటిక్ యంత్రానికి గిరాకీ తెచ్చింది ఎక్కువగా ఈ మూడో అవసరమే. కూలి ఖరీదైన దేశాల్లో, ఒకే సైజు పందులు వరసగా వచ్చే ప్లాంట్లలో అది బాగా పనిచేస్తుంది. డెన్మార్క్‌లోని హోర్సెన్స్ ప్లాంటు సామర్థ్యం వారానికి లక్ష పందుల దరిదాపుల్లో ఉంటుంది. అంత జోరులో కోత సెంటీమీటరు పక్కకు జరిగినా రోజు తిరిగేసరికి టన్నుల కొద్దీ వెన్నుకండ ధర తగ్గిపోతుంది. మన దగ్గర ఆదివారం పొద్దున్న తణుకులోనో, పాలకొల్లులోనో, అమలాపురంలోనో అమ్మే పంది మాంసం సంగతి వేరు. చర్మంతో కాల్చి, పసుపు రాసి, మొద్దు మీద ఎముక, కొవ్వు, కండ కలిపి కూర ముక్కలు కొట్టి ఇస్తారు. అక్కడ వెన్ను కోత అర సెంటీమీటరు అటూ ఇటూ అయినా కొనేవాడికి తేడా తెలియదు. హోటళ్లకు, పెద్ద నగరాల దుకాణాలకు చాప్స్ పంపే రోజు వచ్చినా, చెయ్యి తిరిగిన మనిషి బ్యాండ్ రంపంతో ఆ పని ఖచ్చితంగా చేయగలడు. కొనేవాడికి నష్టం జరిగేది మొదటి రెండు విషయాల్లో, అంటే చల్లబరచడంలో, పరీక్షలో లోపం ఉంటే.

యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే మా మాట ఇంకా స్పష్టమవుతుంది. కళేబరాలు గొలుసు మీద సమానమైన ఎడంతో కదులుతూ వస్తాయి. యంత్రం చట్రం గొలుసుతో పాటే కొంత దూరం పక్కనే ప్రయాణిస్తుంది. గాలి సిలిండర్ల చేతులు కళేబరాన్ని రెండు పక్కలా పట్టుకుంటాయి. డొక్క లోపలి నుంచి ఒకటి, వీపు వైపు నుంచి ఒకటి దారి చూపే చక్రాలు వెన్నెముకను వెతికి పట్టుకుంటాయి. ఆ చక్రాల మధ్యగా గుండ్రటి రంపమో, రెండు పెద్ద కత్తులో పైనుంచి మెడ దాకా దిగుతాయి. ఆ తర్వాత చట్రం పైకి లేచి, మొదట చల్లనీళ్లతోనూ ఆ వెనక 82 డిగ్రీల వేడినీళ్లతోనూ కడుక్కుని, వెనక్కి జరిగి తర్వాతి కళేబరం దగ్గరికి వస్తుంది. కొత్త రకాల్లో రోబో చెయ్యి, లేజర్ స్కానర్ ఉంటాయి. స్కానర్ ప్రతి కళేబరం ఆకారం కొలిచి కోత దారి లెక్క కడుతుంది. కత్తుల రకంలో ఎముక పొడి తక్కువ, కానీ అంచు మొద్దుబారిందంటే వెన్నుపూసలు పెళుసుగా విరిగి పెచ్చులు కండలో దిగబడతాయి. రంపం రకంలో కోత నున్నగా ఉంటుంది, పొడి ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు చట్టం లెక్క చూడండి. 2001 నాటి జంతు హింస నివారణ కబేళా నియమాల ప్రకారం ఒక పశువైద్యుడు గంటకు 12 పశువులకు మించి, రోజుకు 96కు మించి పరీక్షించకూడదు. గంటకు 300 చీల్చే యంత్రం పెడితే దానికి తగ్గట్టు పరీక్ష చేయడానికి 25 మంది వైద్యులు కావాలి. మన జిల్లాల్లో ఒక ప్లాంటుకు ఇద్దరు వైద్యులు దొరికితేనే గొప్ప. ఇద్దరుంటే గంటకు 24, అంటే పందికి రెండున్నర నిమిషాలు. బ్యాండ్ రంపంతో ఒక పందిని చీల్చడానికి అర నిమిషం చాలు. రంపాన్ని కడిగి వేడినీళ్ల పెట్టెలో ఉంచడానికి ఇంకో నిమిషం వేసుకున్నా ఇంకా టైము మిగులుతుంది. చీల్చే చోట మనకు ఆలస్యం లేదు. లేని ఆలస్యాన్ని తగ్గించడానికి అప్పు ఎందుకు చేయాలి?

పందుల సైజు ఇంకో చిక్కు. మన దగ్గర ప్లాంటుకు వచ్చే బండిలో 35, 40 కిలోల నాటు నల్లపంది ఉంటుంది, పక్కనే 90 కిలోలు దాటిన యార్క్‌షైర్ సంకరం ఉంటుంది. దారి చూపే చక్రాలకు ఇంత పొడవు నుంచి ఇంత పొడవు వరకు అని ఒక హద్దు ఉంటుంది. చిన్న పంది వస్తే పట్టుకునే చేతులు వదులుగా పడతాయి, కళేబరం ఊగుతుంది, కోత పక్కకు పోతుంది. నాటు పంది వెన్నుముళ్లు సన్నం, వాటి మీద చక్రం సరిగ్గా కూర్చోదు. ఇలాంటి బండి వచ్చినప్పుడు ఆపరేటరు మాటిమాటికీ యంత్రం ఆపి సర్దాల్సిందే. అదే పని మనిషి కన్ను, రెండు చేతులు ఏ సర్దుబాటూ లేకుండా చేసేస్తాయి.

కోత పక్కకు పోవడానికి కారణం చాలాసార్లు రంపంలో ఉండదు, కొక్కెంలో ఉంటుంది. ఈ విషయం మీద పెట్టినంత శ్రద్ధ ఇంకెక్కడా పెట్టనక్కర్లేదని మా అభిప్రాయం. వెనక కాళ్ల మడమ నరాన్ని గాటు పెట్టి బయటికి తీసి, కాళ్లు విడదీసే కడ్డీ రెండు కొసలూ ఆ నరాల కిందికి దూరుస్తారు. ఒక కాలికి గాటు పైన, ఇంకో కాలికి రెండంగుళాలు కింద పడితే నడుము ఒక పక్కకు వాలుతుంది. వెన్నెముక నిటారుగా ఉండదు. రంపం నిటారుగా దిగుతుంది, ఎముక వాలుగా ఉంటుంది, అందువల్ల నడుము దగ్గర మధ్యలో మొదలైన కోత భుజాల దగ్గరికి వచ్చేసరికి పక్కటెముకల మొదళ్లను కోస్తుంది. కాబట్టి గాటు రెండు కాళ్లకూ మడమ కీలు నుంచి ఒకే ఎత్తులో పెట్టాలి. కడ్డీ మరీ పొట్టిదైతే తొడలు దగ్గరకు ముడుచుకుని రంపానికి దారి ఇవ్వవు, పొడుగుదైతే నరం తెగి కళేబరం కిందపడుతుంది. సీమపందికీ నాటు పందికీ ఒకటే కడ్డీ పనికిరాదు, రెండు కొలతలవి ఉంచుకోవాలి.

రంపం పెట్టేముందు కటి ఎముకను మధ్య అతుకు దగ్గర కత్తితో విడదీయాలి. లేత పందిలో ఆ అతుకు మెత్తగా ఉండి కత్తికే తెగుతుంది, ముదిరినదానికి చిన్న రంపం కావాలి. ఈ అతుకు తప్పించి పక్క ఎముకను కోస్తే పెద్ద రంపానికి మొదట్లోనే దారి తప్పుతుంది. మలద్వారం చుట్టూ కోసి, పేగు కొస కట్టి, లోపలికి వదిలాకే పొట్ట తీయాలి. ఇక్కడ కక్కుర్తి పడితే పేగులోది నడుము లోపలికి కారుతుంది, దాని మీదుగా వెళ్లే బ్లేడు ఆ మలినాన్ని మెడ దాకా పూస్తుంది. ఎన్ని నీళ్లు కొట్టినా వెన్నుపూస రంధ్రాల్లోకి పోయింది రాదు. ఇక తల నుంచి వీపు మీదుగా కరెంటు పెట్టి స్పృహ తప్పించే పద్ధతిలో ఒక్కోసారి వెన్నుపూస విరిగి, చుట్టూ రక్తం గడ్డ కడుతుంది. విరిగిన చోట రంపం ఎగిరి పడుతుంది. అలాంటివి తరచూ కనిపిస్తుంటే రంపాన్ని తిట్టకుండా స్పృహ తప్పించే పరికరం చూడాలి.

ఎముక పొడి గురించి. కోత మందం 3 మిల్లీమీటర్లు, వెన్ను పొడవు 80 సెంటీమీటర్లు, లోతు సగటున 8 సెంటీమీటర్లు అనుకోండి. పందికి 190 ఘన సెంటీమీటర్ల పైన, దాదాపు 200 గ్రాముల ఎముక, కొవ్వు, కండ పొడైపోయి డ్రెయిన్లో కలుస్తాయి. గుండ్రటి రంపాలతో ఇంత పోతుంది. సన్నటి బ్యాండ్ బ్లేడు కోత ఒకటిన్నర మిల్లీమీటరు అయితే నష్టం సగమే. నష్టం కంటే ముఖ్యమైన సంగతి, ఆ పొడిలో మూలుగ, రక్తం కలిసి ఉంటాయి. కోత ముఖం మీద అంటుకుని ఉండిపోతే మాంసం అక్కడే మొదట జిగురు పట్టి వాసన వస్తుంది. రంపంలోనే నీటి చిమ్ముడు ఉన్నదాన్ని కొనండి, కోస్తున్నంత సేపూ అది పారుతుండాలి. కోత అయ్యాక తక్కువ ఒత్తిడితో పైనుంచి కిందికి కడగాలి. గుడ్డతో తుడవడం మానేయాలి, ఒక చెక్క మీది క్రిములను వంద చెక్కలకు పంచేది ఆ గుడ్డే. కంప్రెసర్ గాలితో పొడి ఊదడం అసలు వద్దు. 2007లో అమెరికాలోని మిన్నెసోటాలో ఒక పంది మాంసం ప్లాంటులో పుర్రెల్లోంచి మెదడును గాలి ఒత్తిడితో తీసే చోట పనిచేసినవాళ్లకు నరాల జబ్బు వచ్చింది. మెదడు తుంపరలు పీల్చడం వల్ల ఒంట్లో రక్షణ వ్యవస్థ సొంత నరాల మీదే తిరగబడిందని తేల్చారు. ఆ పని ఆపేశాక కొత్త కేసులు ఆగిపోయాయి. చీల్చిన వెన్నులో వెన్నుపాము తెరుచుకుని ఉంటుంది. దాన్ని చెంచాలాంటి పనిముట్టుతో గీకి తీయాలి, ఊదకూడదు.

నీళ్ల దగ్గర మన డెల్టాకు సొంత సమస్య ఉంది. నరసాపురం, కోనసీమ తీరం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు. రంపాన్ని 82 డిగ్రీల నీళ్లతో శుద్ధి చేసే పెట్టెలో హీటరు కడ్డీకి కొద్ది వారాల్లోనే సున్నం పేరుకుంటుంది. మీటరు 82 చూపిస్తుంది, బ్లేడు దగ్గర చిమ్మే నీరు 65, 70 దాటదు. అందుకే థర్మామీటరు పెట్టాల్సింది తొట్టిలో కాదు, చిమ్మే ముక్కు దగ్గర. ఉప్పు నీళ్లు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు సూదిపోట్లలా చిల్లులు పెడతాయి, ఆ చిల్లుల్లో కొవ్వు చేరుతుంది. తీర మండలాల్లో నీటిని మెత్తబరిచే పరికరమో, ఆర్‌వో ప్లాంటో పెట్టి, నీళ్లు తగిలే భాగాలకు ఉప్పును ఎక్కువగా తట్టుకునే 316 రకం స్టీలు అడగండి. రంపాన్ని ముందు చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లతోనే కడగాలి. రక్తం, కండ అంటుకుని ఉండగా నేరుగా వేడినీళ్లు కొడితే అవి ఉడికి పళ్ల సందుల్లో గట్టిగా పట్టేస్తాయి, ఆ పొర కింద క్రిములు భద్రంగా ఉంటాయి. కడిగిన నీళ్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన ఊళ్ల మంచినీటి చెరువులు కాలవ నీళ్లతోనే నిండుతాయి. రక్తం కలవకుండా వేరే తొట్టిలోకి పట్టాలి, డ్రెయిన్‌కు జల్లెడ, కొవ్వు తేల్చి తీసే గుంట ఉండాలి. ఇవి లేని ప్లాంటుకు అనుమతే ఇవ్వకూడదు.

కరెంటు. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు తిప్పేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరమ్మతు చేసి ఫేజులు మార్చి కలిపితే మూడు ఫేజుల మోటారు వెనక్కి తిరుగుతుంది. బ్యాండ్ రంపం వెనక్కి తిరిగితే పళ్లు ఎముకను కోయవు, నెడతాయి. రంపం మనిషి మీదికి ఎగిరొస్తుంది. ఫేజు వరస తప్పినా, ఒక ఫేజు పోయినా మోటారు స్టార్ట్ కాకుండా ఆపే రిలే కొద్ది వేల రూపాయల్లో దొరుకుతుంది. అది లేకుండా రంపానికి కనెక్షన్ ఇవ్వొద్దు. లైను మీద ఎవరైనా పనిచేసి వెళ్లాక కళేబరం పెట్టకుండా ఒకసారి తిప్పి దిశ చూసుకోవాలి. వోల్టేజీ పడిపోయినప్పుడు బ్లేడు ఎముకలో ఇరుక్కుంటుంది. అప్పుడు స్విచ్ ఆపి వెనక్కి తీయాలి, బలవంతంగా లాగితే బ్లేడు తనను దారిలో ఉంచే గైడ్ల నుంచి జారుతుంది. ఆటోమేటిక్ యంత్రానికైతే దీనికి తోడు గాలి సిలిండర్లు, సెన్సర్లు ఉంటాయి. మన గాలిలో తేమకు కంప్రెసర్ గొట్టాల్లో నీరు చేరుతుంది, ఎయిర్ డ్రయర్ లేకపోతే వాల్వులు బిగుసుకుంటాయి. వేడినీళ్ల ఆవిరికి స్కానర్ అద్దం మసకబారుతుంది. చెడిపోతే విదేశీ కంపెనీ మనిషి వచ్చేదాకా లైను ఆగుతుంది. బ్యాండ్ రంపమైతే మోటారు, బేరింగులు, బెల్టు భీమవరంలోనో రాజమండ్రిలోనో మామూలు వర్క్‌షాపులో చూడగలరు.

రంపం బరువు రకాన్ని బట్టి 40 నుంచి 60 కిలోల దాకా ఉంటుంది. పై పట్టా నుంచి, బరువును తాను మోసే స్ప్రింగ్ బ్యాలెన్సర్ మీద వేలాడదీస్తే మనిషి దాన్ని రెండు చేతులతో తేలిగ్గా నడిపిస్తాడు. బ్యాలెన్సర్ తాడు డ్రమ్ము మీద చుట్టుకునే చోట తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి, కింది నుంచి చూస్తే కనపడదు. నెలకొకసారి కిందికి దింపి చేతి తొడుగుతో తాడు పొడవునా తడిమి చూడాలి. తాడు తెగినా రంపం పడకుండా రెండో గొలుసు విడిగా దూలానికే వేయాలి, బ్యాలెన్సర్ కొక్కేనికి కాదు. రెండు పిడుల మీదా రెండు చేతులూ నొక్కితేనే తిరిగే స్విచ్‌లు ఉంటాయి. పని తేలిక అని ఒకదాన్ని టేపుతో కట్టేస్తుంటారు. అలా కట్టినవాడిని ఆ రోజే పని నుంచి తప్పించాలి. కత్తి పనికి వేసుకునే ఇనుప అల్లిక తొడుగు తిరిగే రంపం దగ్గర వేసుకోకూడదు, పళ్లకు చిక్కి చేతినే లాగేస్తుంది. చెవులకు రక్షణ, కళ్లజోడు తప్పనిసరి. బ్లేడు మొద్దుబారిందని మోటారు శబ్దం బరువెక్కడం, కోత దగ్గర కాలిన ఎముక వాసన చెబుతాయి. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కకుండా బ్లేడు మార్చాలి. నొక్కితే బ్లేడు వంగి కోత వంకర పోతుంది.

ఇక మిగిలిన డబ్బు పెట్టాల్సిన చోటు శీతలగది. ఒక రాత్రి 100 కళేబరాలు, ఒక్కొక్కటి 70 కిలోలు అంటే 7 టన్నుల మాంసం. దాన్ని 40 డిగ్రీల నుంచి 5కు దించాలంటే దాదాపు 200 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని బయటికి లాగాలి. 18 గంటల్లో అయితే సగటున 11 కిలోవాట్లు, శీతల యంత్రం లెక్కలో 3 టన్నుల పైచిలుకు. కానీ తొలి నాలుగైదు గంటల్లోనే వేడి ఎక్కువగా దిగుతుంది, తలుపులు తెరుస్తుంటారు, ఫ్యాన్ల వేడి ఉంటుంది. అందుకని దానికి రెట్టింపు నుంచి మూడింతల సామర్థ్యం పెట్టాలి. గాలి 0 నుంచి 2 డిగ్రీలు, చెక్కకూ చెక్కకూ మధ్య చెయ్యి దూరేంత ఎడం, చెక్క కింది కొసకూ నేలకూ మధ్య 30 సెంటీమీటర్లు. భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు ఉండబట్టి శీతల యంత్రాల మెకానిక్కులకు కొదవ లేదు, ఇది మనకు పెద్ద సౌకర్యం. ఒక్క హెచ్చరిక. రొయ్యలు పెట్టే మైనస్ 18 గదిలో వేడి పంది చెక్కను నేరుగా పెట్టకూడదు. పైన గడ్డకట్టి, లోపల తొడ ఎముక పక్కన వేడి అలాగే నిలిచి, కోసినప్పుడు ఎముక పొడవునా కుళ్లు వాసన వస్తుంది.

వ్యాపారం తీరు కూడా పెద్ద యంత్రానికి అనుకూలించదు. గిరాకీ ఆదివారాలకు, క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి ముద్దగా వస్తుంది, మధ్యలో నీరసంగా ఉంటుంది. పైగా 2020లో తొలిసారి మన దేశంలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు ఒక ఊళ్లో కనపడితే చుట్టుపక్కల పందుల రవాణా ఆగిపోతుంది. మంద కోలుకుని మళ్లీ సరుకు రావడానికి నెలలు పడుతుంది. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. పంది మీద ఆధారపడిన ఎరుకల కుటుంబాలు, చిన్న పెంపకందారులు వాటాలు వేసుకుని పెట్టే ప్లాంటయితే ఆ బరువు నేరుగా వాళ్ల మీదే పడుతుంది. మా ఆందోళనంతా వాళ్ల గురించే.

బ్యాంకు అధికారులకు, పశుసంవర్ధక శాఖ వారికి మా విజ్ఞప్తి. రిపోర్టులో చీల్చే యంత్రం కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. రోజుకు ఎన్ని పందులు, ఎంతమంది వైద్యులు, పందుల బరువు ఎంత నుంచి ఎంత వరకు. ప్లాంటు పెట్టేవాళ్లు సందేహం ఉంటే హైదరాబాదు చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ వారిని, గన్నవరం పశువైద్య కళాశాల వారిని సంప్రదించాలి. రంపం అమ్మేవాళ్లను డబ్బు కట్టకముందే మన పందుల మీద చీల్చి చూపించమనాలి. 40 కిలోలవి పది, 90 కిలోలవి పది, కలిపి వరస మార్చి ఇవ్వండి. ప్రతి చెక్క మీదా నడుము దగ్గర, వీపు మధ్య, మెడ దగ్గర వెన్నుపాము గాడి రెండు వైపులా కనిపిస్తోందో లేదో చూసి రాసుకోండి. గాడి ఒక చెక్కకే పూర్తిగా పోయిన కళేబరాలు ఇరవైలో రెండు దాటితే ఆ రంపమో, ఆ మనిషో, ఆ కొక్కెమో సరిగ్గా లేనట్టు. ఏది తప్పో తేలాకే తీసుకోండి. ఆర్డరు కాగితంలో డజను బ్లేడ్లు, ఒక జత బ్లేడు గైడ్లు, ఒక బ్యాలెన్సర్ తాడు, ఫేజు రిలే, ఆహారానికి తగిలినా హాని లేని గ్రీజు ధరలోనే కలిపి రాయించండి. ఇద్దరు ఆపరేటర్లకు ప్లాంటులోనే వారం రోజులు నేర్పాలని, ఆ తర్వాతే చివరి పావలా వంతు డబ్బు చెల్లిస్తామని కూడా రాయించండి.

ఇట్లు,
మాంసం యంత్రాల నిర్వహణ, కబేళా పరిశుభ్రత పనుల్లో ఉన్న కొందరు,
పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాలు